వాద్యమును వ్రాసినవారు
(యంత్రనాద చరిత్రము: తొమ్మిదవ ప్రకరణము)

గడచిన సంచికలో, ఇల్లినాయి విశ్వవిద్యాలయమునందలి ఇల్లియాక్ అను గణనయంత్రము, హిల్లరు, ఐజాక్సను అను ఇరువురు రసాయనశాస్త్రజ్ఞుల చేతిలో నియమములకు లోబడి స్వరములను ఏరి, 1957 నాటికి నాలుగు తంత్రీవాద్యములకు ఒక రచనను సమకూర్చిపెట్టిన వృత్తాంతమును చెప్పియుంటిని. ఆ యంత్రమునుండి వెలువడినది అంకెల వరుసయే గాని నాదము కాదు. ఆ అంకెలను మనుష్యులు స్వరలిపిలోనికి మార్చుకొని, ఫిడేళ్ళు చేతబట్టి, తామే వాయించిరి. యంత్రము వాగ్గేయకారుని పీటమీద కూర్చున్నది. వైణికుని పీట ఖాళీగానే యుండెను. సరిగా ఆ సంవత్సరముననే, అమెరికాలోనే, వేరొకచోట వేరొకడు ఈ అమరికను తలక్రిందులు చేసెను. యంత్రము కూర్చోవలసినది రెండవ పీటమీద నని అతడు తలంచెను. స్వరములు నేనిచ్చెదను, నీవు వాయింపుమని దానితో చెప్పుటకై ఒక భాషను కల్పింపవలసివచ్చెను. ఈ మాసము చెప్పబోవునది ఆ భాష కథ.

గణనయంత్రములు కూయుట అప్పటికి క్రొత్తగాదు. ఆస్ట్రేలియాలోని సిసిరాక్ యంత్రమును, ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయపు ఫెరాంటి యంత్రమును 1951 ప్రాంతముననే పాటలు పలికినవి. మాంచెస్టరు యంత్రము బ్రిటిష్ జాతీయగీతమును కూసినపుడు బి.బి.సి. వారు రికార్డు చేసిరి కూడ. అయితే ఆ యంత్రములు చేసినదేమనగా, పని ముగిసినదని హెచ్చరించుటకు అమర్చిన బూరకు విద్యుత్తును తట్టి తట్టి పంపుట. ఎంత వేగముగా తట్టిన అంత తారస్వరము. సైకిలు చక్రపు పుల్లలకు అట్టముక్క తగిలించి బాలురు చేయు చప్పుడునకు దానికి మూలసూత్రమున భేదము లేదు. ఏ స్వరమైనను పలుకును గాని ఏ వాద్యముగను పలుకదు.

ఆ అమరికను తలక్రిందులు చేసిన మాక్స్ మాథ్యూసు 1926లో నెబ్రాస్కా రాష్ట్రపు కొలంబసు పట్టణమున జన్మించి, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున డాక్టరు పట్టము పొంది, 1955లో న్యూజెర్సీలోని మరే హిల్ నందున్న బెల్ పరిశోధనాలయమున ఉద్యోగమున చేరెను. వయొలినుపై మక్కువ గలవాడు. విద్వాంసుడని చెప్పుటకు వీలులేదు, అతడును చెప్పుకొనలేదు. అతనిని నియమించినది సంగీతమునకు కాదు, టెలిఫోనునకు. మనుష్యకంఠమును అంకెలుగా మార్చి, ఆ అంకెలను తీగపై పంపి, ఆవలి యొడ్డున మరల కంఠముగా మార్చుట ఎట్లు అను సమస్యపై ఆ సంస్థ కోట్ల డాలర్లు వెచ్చించుచున్న కాలమది.

ఈ అంకెలుగా మార్చుట యన నేమో ఇచ్చట కొంచెము నిలిచి చెప్పవలెను, ఏలనన తరువాతి కథ యంతయు దీనిపైననే నిలిచియున్నది. ధ్వని యనగా గాలియొత్తిడిలోని హెచ్చుతగ్గులు. బియ్యపు వర్తకుడు బస్తాలోనికి గొట్టము గ్రుచ్చి మచ్చు తీసి చూచినట్లు, ఆ యొత్తిడిని క్షణక్షణమును మచ్చు తీసి, దాని పరిమాణమును ఒక అంకెగా వ్రాసికొనవచ్చును. ఎంత తరచుగా తీయవలెననగా, పట్టదలచిన మిక్కిలి తారస్వరపు కంపనసంఖ్యకు రెట్టింపునకు తగ్గరాదు. సెకనుకు 5,000 కంపనముల వరకు కావలెనన్న 10,000 మచ్చులు. ఈ నియమమును నైక్విస్టు, షానను అను ఇరువురు స్థాపించిరి. ఇరువురును బెల్ పరిశోధనాలయమువారే. బియ్యపు మచ్చు బస్తా గుణమును చెప్పునే గాని బస్తాను తిరిగి యియ్యలేదు. ధ్వని మచ్చులు మాత్రము ధ్వనినే తిరిగి యిచ్చును. ఇక్కడ మాథ్యూసునకు తట్టిన ఊహ మిక్కిలి సరళము: ధ్వనినుండి అంకెలు తీయగలిగినపుడు, ఏ ధ్వనియు లేకుండ అంకెలను మనమే వ్రాసిన నేమగును? ఎవ్వరును ఎన్నడును వాయింపని వాద్యము వినవచ్చునుగదా!

ఊహ కలుగుట వేరు, పై యధికారి అనుజ్ఞ కలుగుట వేరు. ఆ పరిశోధనాలయమున మాథ్యూసు పైయధికారి జాన్ పియర్సు. ట్రాన్సిస్టరునకు ఆ పేరు పెట్టినవాడు ఇతడే. ఒకనాడు ఇరువురును కలిసి పియానో కచేరీకి పోయిరట. షోన్‌బెర్గు రచన యొకటి, ష్నాబెలు రచన యొకటి వాయింపబడినవి. మొదటిది మెచ్చిరి, రెండవది విసుగు పుట్టించెను. అట్టి సమయమున పియర్సు మాథ్యూసు వంక తిరిగి, ఇంతకన్న కంప్యూటరు మేలుగా చేయగలదు, ఆ ప్రోగ్రామేదో నీవు వ్రాయుము అనెనని మాథ్యూసు వార్ధక్యమున పలుమారు చెప్పుచుండెడివాడు. నచ్చని కచేరీలో కూర్చుండుటవలన లోకమునకు ఇంత మేలు కలిగిన సందర్భము మరియొకటి నాకు తెలియదు.

ఆ విధముగా పుట్టిన ప్రోగ్రామునకు మాథ్యూసు పెట్టిన పేరు మ్యూజిక్. తరువాతివి వచ్చిన పిమ్మట దీనిని మ్యూజిక్ 1 అనిరి. అది నడచిన ఐ.బి.ఎం. 704 అను శూన్యనాళికల యంత్రము న్యూయార్కు నగరమున మాడిసన్ వీధిలోని ఐ.బి.ఎం. ప్రధాన కార్యాలయమున నుండెను. చిల్లుల కార్డులను అక్కడికి మోసికొనిపోయి, గంటల లెక్కన అద్దె చెల్లించి, అంకెలతో నిండిన అయస్కాంత టేపును చంకబెట్టుకొని హడ్సను నది దాటి మరే హిల్‌కు రావలెను. ఆ టేపును చదివి అంకెలను విద్యుత్తుగా మార్చు పరికరము ఇక్కడనే యుండెను. 1957 మే 17వ తేదీన అట్లు వచ్చిన టేపునుండి పదునేడు సెకనుల సంగీతము వెలువడెను. దానిని కూర్చినవాడు న్యూమన్ గట్‌మన్ అను సహోద్యోగి. పేరు ‘సిల్వర్ స్కేల్’. ప్రోగ్రామునకు తెలిసిన నాదరూపము త్రికోణాకారపు తరంగ మొక్కటే. స్థాయి, గాంభీర్యము (శబ్దతీవ్రత), కాలము అను మూడింటిని తప్ప మరి దేనిని మార్చుటకు వీలులేదు. స్వరము పుట్టుట, ఆరుట అను భేదములు లేవు. నేను వింటిని. చరిత్రకారుడు భక్తితో వినవలసినదే గాని రసికుడు వినదగినది కాదు.

మరుసటి యేడు వచ్చిన మ్యూజిక్ 2 నాలుగు స్వరధారలను, పదునారు తరంగరూపములను ఎరుగును. అంతవరకు జరిగినది మెరుగుపరచుట మాత్రమే. అసలు కార్యము 1960 నాటి మ్యూజిక్ 3తో జరిగినది.

అప్పటికి మాథ్యూసునకు ఒక యిబ్బంది స్పష్టపడెను. ఒక్కొక్క స్వరకర్త వచ్చి ఒక్కొక్క విధమైన ధ్వనిని కోరును. ఒకనికి కంపితము కావలెను, ఒకనికి మెల్లగా మొదలై ఉబ్బు స్వరము కావలెను, మరియొకనికి గాలిహోరు కావలెను. వారడిగినదానినెల్ల ప్రోగ్రాములో చేర్చుచు పోయిన ఆ ప్రోగ్రాము ఎన్నటికిని ముగియదు, అడుగువారి కోరికలును ముగియవు. కావున అతడు వాద్యములను చేసి యిచ్చుట మాని, వాద్యములు చేసికొనుటకు వలయు ముక్కలను మాత్రమే ఇచ్చుటకు నిశ్చయించెను. ఊగుచు తరంగమును పుట్టించు ముక్క (ఆసిలేటరు) ఒకటి, రెండింటిని కూడు ముక్క ఒకటి, గుణించు ముక్క ఒకటి, అడ్డదిడ్డపు అంకెలతో హోరు పుట్టించు ముక్క ఒకటి. వీనికి యూనిట్ జనరేటరు లని పేరు. ఒకదానినుండి వెలువడినది మరియొకదానిలోనికి పోవునట్లు కలుపుకొన్నచో వాద్యము సిద్ధము. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలోని వీణలవారు ఒకే పనసదుంగను తొలిచి ఏకాండి వీణను చేయుదురు. ఆ వీణలో కుండ యెక్కడ ముగిసి దండి యెక్కడ మొదలైనదో అతుకు కనబడదు. మాథ్యూసు వీణలో అన్నియు అతుకులే, ఆ అతుకులను వేయువాడు స్వరకర్తయే. ఏ రెండు ముక్కలు కలిసిన ఏ ధ్వని పుట్టునో ముక్కలు చేసిన మాథ్యూసునకే తెలియదు.

అందువలన కార్డులు రెండు తెగలుగా చీలినవి. ఒక తెగ కార్డులు వాద్యమును వర్ణించును. రెండవ తెగ కార్డులు ఆ వాద్యముపై వాయింపవలసిన స్వరములను చెప్పును. మొదటిదానిని ఆర్కెస్ట్రా యనియు రెండవదానిని స్కోరు అనియు తరువాతివారు పిలిచిరి. స్వరములను వ్రాయుట మానవులకు ప్రాచీనమైన విద్య. మన తెలుగు లిపిలోనే సుబ్బరామ దీక్షితులవారు 1904లో ఎట్టయపురమున అచ్చొత్తించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని యున్నది. అందులో స్వరములమీద గమకములకు వేరువేరు గుర్తులు పెట్టి, ఏ స్వరము ఏ విధముగా కదలవలెనో ఎంత సూక్ష్మముగా చెప్పిరో చూచిన ఆశ్చర్యము కలుగును. అయినను, గమకమును వ్రాయగలిగిన ఆ మహానుభావుడు వీణను వ్రాయలేదు. వ్రాయవలసిన అవసరమును లేదు. వీణ గోడవార ఉండనే యున్నది. పుస్తకము చదువువానికి వీణ యన నేమో తెలియునను నమ్మకముమీదనే ఆ వ్రాత యంతయు నిలిచినది. పాశ్చాత్యుల స్వరలిపియు అంతే. మ్యూజిక్ 3తో మొదటిసారి వాద్యము కూడ వ్రాతలోనికి వచ్చినది. కొయ్యయు తీగయు లోహమును లేని, చదివి అర్థము చేసికొనదగిన, నకలు వ్రాసికొనదగిన, తప్పులు దిద్దదగిన వాద్యము. ఈ యొక్క విషయము దృఢముగా పట్టుకొన్నచో ఈ ప్రకరణములోని మిగిలిన వృత్తాంతములన్నియు దాని పర్యవసానములుగనే కనబడును.

ఆ వ్రాత యెట్లుండెనో ఒక మచ్చు చూపెదను. 1968 నాటి మ్యూజిక్ 5లో ఒక స్వరమునకు ఒక కార్డు చాలును. మొదట ‘నాట్’ అని మూడక్షరములు. అనగా నోటు, స్వరము. ఆపైన వరుసగా అంకెలు: 0, 1, 2, 1000, 6.70. సున్న యనగా మొదలుపెట్టవలసిన కాలము, ఒకటి వాద్యపు సంఖ్య, రెండు స్వరము నిలువవలసిన సెకనులు, వేయి గాంభీర్యము. చివరిదైన 6.70 మాత్రము చిత్రమైనది. తరంగపు ఆకారమంతయు యంత్రపు జ్ఞాపకములో 512 గదుల పట్టికగా నుండును. సెకనుకు ఇరువదివేల మచ్చులు తీయునపుడు, మచ్చు మచ్చునకును యంత్రము ఆ పట్టికలో 6.70 గదులు ముందునకు నడచును. కొసకు వచ్చినచో మరల మొదటికి పోవును. ఆ నడకలో పట్టిక సెకనుకు సుమారు 262 సారులు చుట్టివచ్చును. పియానో నడుమనుండు ‘సి’ స్వరపు కంపనసంఖ్య సరిగా అదియే. రెట్టింపు అంగలు వేయించినచో పై స్థాయి షడ్జము వలె అదే స్వరము రెట్టింపు తారమున పలుకును. గుడిచుట్టు ప్రదక్షిణము చేయువాని నడకవేగమునుబట్టి స్వరము ఏర్పడుచున్నదన్నమాట!

ఈ వ్రాతతోడి చిక్కు ఏమనగా, వ్రాసినవాడు వెంటనే వినలేడు. కార్డులు గ్రుచ్చి, యంత్రమున వంతు వచ్చువరకు కాచుకొని, టేపు వచ్చిన పిమ్మట వినవలెను. దశాంశపు చుక్క యొకటి జారిపోయిన విషయము అప్పుడు గాని తెలియదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమువారి బాధ ఇంకను ఎక్కువ. అక్కడ గాడ్‌ఫ్రీ విన్‌హామ్, హ్యూబర్టు హౌ అనువారు మ్యూజిక్ 5కు ముందటిదైన మ్యూజిక్ 4ను తమ యంత్రమునకు తగినట్లు తిరిగి వ్రాసికొని, మ్యూజిక్ 4బి అని పేరు పెట్టుకొనిరి. అంకెలను ధ్వనిగా మార్చు పరికరము లేనందున టేపులను కారులో వేసికొని మరే హిల్‌కు పోయి వినివచ్చెడివారు. కృతి కూర్చినవాడు దానిని వినుటకు ఊరు దాటి పోవలసివచ్చెను.

నేటివారికి ఆ యిబ్బంది లేదు; వేరొక యిబ్బంది యున్నది. ఈ ప్రకరణము వ్రాయుటకు ముందు నేనును నా ల్యాప్‌టాపులో ఈ భాషల సంతతిలో నొకదానిని పెట్టుకొని, నాలుగు పంక్తులు వ్రాసి చూచితిని. గాంభీర్యమును తెలుపుచోట 10,000 అని వ్రాయుటకు బదులు ఒక సున్న ఎక్కువ పడినది. స్పీకరునుండి వెలువడినదానిని వర్ణింపజాలను. ప్రక్కవాటా పిన్నిగారు తలుపు తట్టి, “ఏం బాబూ, మిక్సీ కాలిపోయిందా?” అని అడిగిరి. సంగీతమని చెప్పుటకు ధైర్యము చాలలేదు.

1961లో బెల్ పరిశోధనాలయమున కెల్లీ, లాక్‌బామ్ అనువారు యంత్రముచేత ‘డైసీ బెల్’ అను పాత పాటను మనుష్యకంఠముతో పాడించిరి, ప్రక్కవాద్యము మాథ్యూసుది. ఆర్థర్ క్లార్కు దానిని విని, తరువాత తన అంతరిక్షకథలో కొనయూపిరితోనున్న కంప్యూటరుచేత ఆ పాటనే పాడించెను. లోకమునకు జ్ఞాపకమున్నది ఇదే. నా దృష్టిలో ఇది వేడుక మాత్రమే. 1963 నవంబరులో ‘సైన్స్’ పత్రికలో మాథ్యూసు ప్రకటించిన వ్యాసము దీనికన్న నూరురెట్లు ముఖ్యము. కంప్యూటరు ఒక వాద్యమనియు, ఆ వాద్యము పలుకలేని ధ్వని సూత్రతః లేదనియు అందులో అతడు ప్రతిపాదించెను.

ఆ వ్యాసము చదివినవారిలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థి జాన్ చౌనింగు ఒకడు. అతడు తాళవాద్యములు వాయించువాడు, పారిసులో నాడియా బులాంజే యొద్ద శిష్యరికము చేసినవాడు. కంప్యూటరును గూర్చి ఏమియు ఎరుగడు. 1964లో మరే హిల్‌కు పోయి మాథ్యూసును చూచెను. మాథ్యూసు అతనికి మ్యూజిక్ 4 కార్డుల పెట్టె నొకదానిని ఇచ్చెను. ఆ పెట్టెను కాలిఫోర్నియాకు తెచ్చుకొని, డేవిడ్ పూల్ అను యువవిద్యార్థి సాయముతో అక్కడి యంత్రమున నడిపించెను. వీణను తెచ్చుకొన్నవాడు వీణను తెచ్చుకొన్నట్లే. వీణలవాని కార్ఖానాను పెట్టెలో పెట్టుకొని వచ్చిన వానిని ఏమనవలెను?

మూడేండ్లకు, 1967లో, ఆ చౌనింగు కంపితమును వేగపరచుచు కూర్చుండెను. కంపిత గమకమును సెకనుకు ఐదారు మారులు ఊపిన మనకు స్వరము కదలుచున్నట్లు వినబడును. వ్రాతలో అంకె మార్చుట సులభము గనుక అతడు ఇరువది సారులు, నూరు సారులు, ఇంకను పైకి ఊపెను. ఊపు వెడల్పును పెంచెను. ఒక మేర దాటిన పిమ్మట కదలిక వినబడుట మానినది. దానికి బదులుగా స్వరపు రంగే మారినది. గంటవలె, బాకావలె, ఎన్నడు వినని మరేదానివలెనో పలికినది. ఏ వైణికుని వ్రేలును అంత వేగముగా తీగను ఊపజాలదు. వ్రాతలోని వ్రేలు గనుక ఊపినది. రెండు ఆసిలేటరులు మాత్రమే చాలు ఈ పద్ధతికి యమహా కంపెనీ లైసెన్సు తీసికొని, 1983లో డి.ఎక్స్. 7 అను కీబోర్డుగా వెలువరించినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు అత్యధికాదాయము తెచ్చిన పేటెంట్లలో అది యొకటి. ఉచితముగా వచ్చిన కార్డుల పెట్టెలోనుండి ఇంత ధనము పుట్టుటలోని విపర్యయమును పాఠకులే గ్రహింతురు.

చౌనింగు కథ తళుకైనది. నాకు మాత్రము జాన్ క్లోద్ రిసే కథ యెక్కువ ప్రియము. ఫ్రెంచివాడు, భౌతికశాస్త్రజ్ఞుడు, స్వరకర్త. 1964లో బెల్ పరిశోధనాలయమునకు వచ్చి ట్రంపెటుపై పడెను. ట్రంపెటు స్వరము నొకదానిని తీసి అందులోని అనుస్వరముల, అనగా ప్రధానస్వరముతో కలిసి పలుకు పై స్వరముల, పాళ్ళు కొలిచి, అవే పాళ్ళతో యంత్రముచేత పలికించినచో ట్రంపెటువలె నుండవలెనుగదా? ఉండలేదు. రిసే స్వరమును ముక్కలు ముక్కలుగా పరీక్షించి కనుగొన్నదేమనగా, ట్రంపెటు బిగ్గరగా ఊదిన కొలది పై అనుస్వరములు ఎక్కువగా ప్రబలును. స్వరము పుట్టునపుడు అవి క్రిందివానికన్న ఒక లిప్త ఆలస్యముగా వచ్చి చేరును. వాద్యపు గుణము పాళ్ళలో లేదు, పాళ్ళు మారు తీరులో నున్నది. శతాబ్దమునకు పైగా పాఠ్యపుస్తకములలో నిలిచిన, పాళ్ళనుబట్టియే వాద్యగుణము ఏర్పడునను హెల్మ్‌హోల్ట్‌జు సిద్ధాంతమున కది సవరణ. వ్రాసి చూచుటవలన గాని ఈ సంగతి తేలకపోయెడిది.

1968లో రిసే, హిరోషిమాపై బాంబుదాడిలో పరిశీలక విమానమును నడపిన వైమానికుని గూర్చి పియేర్ హలే వ్రాసిన ‘లిటిల్ బాయ్’ అను నాటకమునకు సంగీతము కూర్చెను. అందులో బాంబు పడుటను సూచించుటకు, ఎడతెగక దిగుచునే యుండి ఎన్నటికిని అడుగు ముట్టని ఒక స్వరమును కల్పించెను. అష్టమస్థాయి యెడముతో పెక్కు స్వరములు కలిసి దిగుచుండును. క్రింద నున్నది మెల్లగా మాసిపోవును, పైన మరియొకటి మెల్లగా తలయెత్తును. చెవి ఆ మార్పును గుర్తింపజాలదు. చిమ్మచీకటిలో ఈ స్వరమును ఒకమారు విన్నవాడు మరువడు.

మరుసటి యేడు, అనగా 1969లో, రిసే బెల్ పరిశోధనాలయమునుండి ఒక పట్టిక ప్రకటించెను. దానియందు గంటల ధ్వనులు, ట్రంపెటు ధ్వనులు, ఆ దిగుడు స్వరము మొదలగు ప్రతి ధ్వనికిని మ్యూజిక్ 5 భాషలో వ్రాత, ప్రక్కన వ్యాఖ్య. మూలమును టీకయు ఒకే పుట మీద! మన పండితుల పద్ధతియే గాని ఇచ్చట మూలము శ్లోకము కాదు, గంట మ్రోత. అదే సంవత్సరమున మాథ్యూసు తన ప్రోగ్రామును పుస్తకముగా అచ్చువేయించెను. మ్యూజిక్ 5 అధికభాగము ఫోర్‌ట్రాన్ అను సర్వసామాన్య భాషలో వ్రాయబడినందున, ఏ కంపెనీ యంత్రమున్నవాడైనను దానిని తెచ్చుకొని నడుపుకొనవచ్చును. అంతకు పూర్వము ఒక్కొక్క యంత్రము మూలబడినపుడు దానితోబాటు దాని మ్యూజిక్ కూడ మూలబడెడిది.

ఈ సంగతిని అందరికన్న బాగుగా ఎరిగినవాడు బారీ వర్కో అను న్యూజిలాండువాడు. అతడు ప్రిన్స్‌టన్‌లో ఐ.బి.ఎం. 360 యంత్రమునకు మ్యూజిక్ 360ను వ్రాసెను. మసాచుసెట్స్ విద్యాలయమునకు పోయి, పి.డి.పి. 11 అను చిన్న యంత్రమునకు మ్యూజిక్ 11ను వ్రాసెను. యంత్రము మారినప్పుడెల్ల ఒకే గ్రంథమును మరల మరల వ్రాయుట విసుగుగదా. 1980ల నడుమ అతడు దానిని సి భాషలోనికి మార్చి సీసౌండ్ అని పేరు పెట్టెను. ఆ సి భాష పుట్టినది మరే హిల్ లోని ఆ బెల్ పరిశోధనాలయముననే. సీసౌండులో ఆర్కెస్ట్రాయు స్కోరును వేరువేరు కాగితములుగనే మిగిలినవి. ఆసిలేటరు ఆసిలేటరుగనే మిగిలినది. స్వరపు పంక్తిలో వాద్యపు సంఖ్య, కాలము, నిడివి అను అంకెలును మిగిలినవి. 1960 నాటి కార్డు చదువనేర్చినవాడు కొద్ది శ్రమతో దానిని చదువగలడు.

రిసే పట్టికను పిమ్మటివారు సీసౌండులోనికి ఎత్తి వ్రాసిరి. నా ల్యాప్‌టాపులో నేను మొట్టమొదట సక్రమముగా పలికించినది, పిన్నిగారు రెండవసారి తలుపు తట్టకుండునట్లు శబ్దము బాగుగా తగ్గించి, ఆ పట్టికలోని గంటనే. పదునొకండు అనుస్వరములు కలిసి మ్రోగి, పైవి ముందు, క్రిందివి తరువాత ఆరిపోవును. ఏ రికార్డునుండియు తీసినది కాదు. 1969లో ఆ ఫ్రెంచివాడు వ్రాసిన అంకెలను చూచి యంత్రము అప్పటికప్పుడు పోతపోసిన గంట.

మాథ్యూసు మాత్రము వ్రాయుట, కాచుకొనుట, వినుట అను ఈ క్రమముతో తృప్తి పడలేదు. చేయి కదలినపుడే నాదము పలుకవలెనని అతడు 1970 నాటికే మరియొక యంత్రమును సిద్ధపరచెను. గ్రూవ్ అను ఆ యంత్రమును, దానితో పనిచేసిన లోరీ స్పీగెలును గూర్చి వచ్చు సంచికలో.

(సశేషము)